హిల్మో మీద మొలిచిన గడ్డి

జుమ్రా హాజిచ్‌కి అరవై మూడేళ్ళు. అందులో ఇరవై ఆరేళ్ళు మా జిల్లా ఆసుపత్రి లాండ్రీలోనే గడిచిపోయాయి. పై అంతస్తుల వార్డుల నుంచి గొట్టంలో జారిపడే మైల దుప్పట్లను విడదీసే బల్ల దగ్గర ఆమె చోటు. రక్తపువి ఒకవైపు, మలమూత్రాలవి ఒకవైపు, వట్టి చెమటవి ఒకవైపు. ఆ బల్ల దగ్గర కొత్తగా చేరినవాళ్ళు ఏడాది తిరక్కుండానే వేరే పని అడుగుతారు. జుమ్రా అడగలేదు. అడగనివాళ్ళను అక్కడే ఉంచెయ్యడం మా ఆసుపత్రికి బాగా అలవాటు.

నేను అదే లాండ్రీలో ఇస్త్రీ యంత్రం దగ్గర ఉంటాను. ఉద్యోగుల కమిటీకి మావాళ్ళు నన్ను నాలుగుసార్లు ఎన్నుకున్నారు. కాబట్టి మాలో ఎవరికి ఏ సర్కారీ కాగితం వచ్చినా ముందు నా చేతికొస్తుంది. రెండేళ్ళ కిందట ఒక సెప్టెంబరు ఉదయం జుమ్రా కూడా ఒక కాగితం తెచ్చి నా ముందు పెట్టింది.

"చదువు రెనాటే. నా కళ్ళజోడు ఇంట్లో ఉండిపోయింది."

కళ్ళజోడు ఆమె నెత్తి మీదే ఉంది. ఆమెకు చదవాలని లేదు, అంతే.

కాగితం మా రీడ్‌బాఖ్ సమాధుల తోట కార్యాలయం నుంచి వచ్చింది. ముస్లిం విభాగం, మూడో నంబరు సమాధి, అంటే జుమ్రా భర్త హిల్మోది. అక్కడ అడవి గడ్డి పెరిగి ఉన్నట్టు తనిఖీలో తేలింది. మూడు నెలల్లో సరిచెయ్యకపోతే ఆ స్థలం మీద కుటుంబానికున్న హక్కు రద్దవుతుంది.

"రద్దు చేసి ఏం చేస్తారంట?"

"రాళ్ళు తీసేస్తారు. నేల చదును చేస్తారు."

"మరి ఆయన్ని?"

"ఆయన్ని కదపరు జుమ్రా."

"ఊఁ," అంది. "మొదట అందరూ అట్లాగే చెప్తారు."

పక్కనున్న కాథీ తువ్వాళ్ళు మడుస్తూనే తల దూర్చింది. "మా అత్త సమాధి మీద కూడా గడ్డే మొలిచిందే! కాకపోతే అది మతం కాదు, మా ఆయన బద్ధకం. మాకైతే ఏ కాగితమూ రాలేదు మరి."

అందరం నవ్వాం. జుమ్రా కూడా నవ్వింది. నవ్వి, రక్తపు దుప్పటి ఒకటి తీసి కుడివైపు గంపలో వేసింది.

జుమ్రా, హిల్మో తొంభై మూడులో బోస్నియా నుంచి వచ్చారు. రెండేళ్ళ కూతురు ఆమ్రా, ఒక సంచి, అంతే. యుద్ధం నడిచినన్నాళ్ళూ మూడు నెలలకోసారి ముద్ర వేయించుకునే అనుమతి కాగితం మీద బతికారు. యుద్ధం అయిపోగానే ఇంక వెళ్ళండి అన్నారు. వెళ్ళడానికి ఆ ఊళ్ళో ఇల్లు లేదు, ఇల్లుండే వీధి కూడా లేదు. ఇక్కడేమో ఆసుపత్రికి మైల గుడ్డలు విడదీసే చేతులు కావాలి, మేస్త్రీలకి కప్పులెక్కి పెంకులు వేసే మనిషి కావాలి. అట్లా ఉండనిచ్చారు. హిల్మో మా ఊరి కప్పుల్లో సగం ఎక్కాడు. ఎనిమిదేళ్ళ కిందట గుండె ఆగి పోయాడు. వాళ్ళ సంఘం తరఫున శవాన్ని విమానంలో బోస్నియాకి పంపే ఏర్పాటుంది, చాలామంది అట్లాగే వెళ్తారు. జుమ్రా పంపనంది. అక్కడ ఎవరున్నారని? తను శుక్రవారం శుక్రవారం నడిచి వెళ్ళగలిగే చోట ఉండాలంది.

శుక్రవారం పని దిగాక తెల్ల రుమాలు తలకు కట్టుకుని వెళ్ళేది. మామూలుగా ఆమె తల కప్పుకోదు. అక్కడ మాత్రమే. తల దగ్గర ఒక రాయి, కాళ్ళ దగ్గర ఒక రాయి, మధ్య గడ్డి. అరచేతులు పైకి తిప్పి నాలుగు మాటలు చదువుకుని ముఖం తుడుచుకుని వచ్చేసేది. ఆ గడ్డిని కొయ్యదు, పీకదు. పచ్చిగా ఉన్నంతసేపూ గడ్డి దేవుణ్ణి తలుచుకుంటూ ఉంటుందని, కిందనున్నవాడికి ఆ తలపు తోడని ఆమె నాయనమ్మ చెప్పింది. వాళ్ళ కొండల్లో సమాధులన్నీ గడ్డిలోనే ఉంటాయి, ఆవులు మేసే బీడులాగా.

మా ఊళ్ళో అట్లా కాదు. సమాధి మీద కంకర దువ్వినట్టుండాలి. కాలానికో పువ్వు మారాలి. ఎర్ర దీపం వెలగాలి. ఫలానా వాళ్ళ ఇల్లు ఎట్లాంటిదో తెలుసుకోవాలంటే వాళ్ళ వంటగది చూడక్కర్లేదు, వాళ్ళ సమాధి చూస్తే చాలనుకునే ఊరు మాది. ముస్లిం విభాగంలో ఉన్న పదకొండు సమాధుల్లో పదింటి మీద పువ్వులున్నాయి. పువ్వు పెట్టడం పాపమేమీ కాదని వాళ్ళ ఇమామే చెప్పాడు. పదిమంది ఊరితో పాటు నడిచారు, బాగానే ఉంది. కానీ పదకొండో మనిషి తన నాయనమ్మ మాట ప్రకారం నడుచుకుంటే, పదిమందినీ సాక్షులుగా తెచ్చి ఆమె ముందు నిలబెట్టారు. నాకు ఒళ్ళు మండింది అక్కడే.

ఆమ్రా మ్యూనిక్ నుంచి ఫోన్ చేసింది. లాండ్రీ మెట్ల మీద కూర్చుని జుమ్రా మాట్లాడుతుంటే అవతలి గొంతు నాక్కూడా వినబడింది.

"అమ్మా, నాలుగు పూలమొక్కలు పెట్టెయ్, వదిలిపోతుంది. ఊరంతటి కళ్ళల్లో పడడం ఎందుకు మనకి?"

"ముప్పై ఏళ్ళుగా ఎవరి కళ్ళల్లోనూ పడకుండానే ఉన్నాను కదే. ఇంకా ఎంత ఒదగమంటావు?"

"నాన్న ఉంటే పెట్టేవాడు."

"నాన్న ఉంటే ఆ సమాధి ఎందుకుంటుంది?" అని ఫోన్ పెట్టేసింది.

ఆ కాగితానికి నేను మూడు పేజీల జవాబు రాశాను. సమాధుల తోట నిబంధనల్లో 'గౌరవప్రదంగా ఉంచవలెను' అని మాత్రమే ఉంది. గడ్డి అగౌరవమని ఎక్కడుందో చూపించమన్నాను. మత స్వేచ్ఛ గురించి రాజ్యాంగంలో ఏముందో కూడా రాశాను. చూపించలేక కార్యాలయం వాళ్ళు విషయాన్ని మునిసిపల్ కౌన్సిల్‌కి పంపారు. నిబంధననే మార్చే చర్చ మొదలైంది. అంటే ఒక కార్యాలయం బల్ల మీద దుమ్ముపట్టి పోవలసిన కాగితాన్ని ఊరి మీదికి తెచ్చింది నేనే. ఆ సంగతి ఒప్పుకోవాలి.

అక్టోబరు చివరి వారం వచ్చింది. నవంబరు ఒకటిన సకల పునీతుల పండుగ. ఆ రోజు ఊరు మొత్తం సమాధుల తోటకి వస్తుంది. ఫాదర్ ప్రతి వరుసలోనూ తిరిగి పవిత్ర జలం చల్లుతాడు. అందుకని ముందు వారమంతా ఊళ్ళో ఆడవాళ్ళు అక్కడ మోకాళ్ళ మీదే ఉంటారు. ఆ శుక్రవారం జుమ్రాతో పాటు నేనూ వెళ్ళాను.

హిల్మో సమాధి మీద గడ్డి లేదు.

వేళ్ళతో సహా పెకలించి, మట్టి తిరగేసి, దువ్వెనతో దువ్వినట్టు చదును చేసి, ముదురు గులాబీ రంగు పూలున్న ఎరికా మొక్కలు వరుసకి మూడు చొప్పున తొమ్మిది నాటి ఉన్నాయి. తలరాయి దగ్గర ఎర్ర దీపం వెలుగుతోంది.

దారికి అవతలి సమాధి దగ్గర నుంచి వాల్‌బుర్గా స్టాడ్లర్ లేచింది. డెబ్బై నాలుగేళ్ళ మనిషి, నలభై ఏళ్ళు బేకరీ కౌంటర్‌లో నిలబడింది. ఆ సమాధిలో ఉన్నది ఆమె భర్త క్సావర్. మోచేతుల దాకా మట్టి, ముఖమంతా సంతోషం.

"చూశావా జుమ్రా! పొద్దున్నించి ఇదే పని. బుధవారం ఊరంతా వస్తుంది కదమ్మా, నీ ఆయన్ని ఆ అవతారంలో చూస్తే ఏమనుకుంటారు? పాపం దిక్కులేనివాడు అనుకోరూ? నీకు నడుం పట్టేసిందని ఈ రెనాటే చెప్పింది, సరేలే నేనే చేసేద్దామని వచ్చేశాను. దీపం చూడు, శిలువ లేనిది. దాని కోసం మూడు కొట్లు తిరిగాను తెలుసా? అన్నిటి మీదా శిలువే!"

నడుం నొప్పి సంగతి నేనే చెప్పాను. రొట్టె కొంటూ, మాటల్లో.

జుమ్రా వంగి తిరగేసిన మట్టిని చూసింది.

"వేళ్ళతో సహా తీశారా?" అంది.

"మరి? వేళ్ళుంచితే మళ్ళీ వచ్చెయ్యదూ!"

"ఎంత లోతు తవ్వారు?"

"ఒక జానెడు. ఏం, ఇంకా తవ్వాల్సిందా?"

జుమ్రా దారి అంచున రాతి మీద కూలబడింది. వాల్‌బుర్గా ముఖంలో సంతోషం నిలబడాలా వెళ్ళిపోవాలా తెలియనట్టు తచ్చాడింది. ఆమె వేళ్ళ మీద గడ్డి కోసుకున్న గీతలు ఎర్రగా ఉన్నాయి. జుమ్రా వాటినే చూస్తూ, "మీ చేతులు చీరుకుపోయాయి. మందు రాసుకోండి," అంది. ఆ రోజు ఆమె హిల్మో కోసం ఏమీ చదవలేదు.

గేటు దాటాక నేను ఆగలేకపోయాను. "వెనక్కి పద. ఆ మొక్కలు పీకి అవతల పారేస్తాను. నువ్వు ముట్టుకోవద్దు, నేనే పీకుతాను."

"పచ్చి మొక్కలు. సమాధి మీదున్నాయి. పీకకూడదు."

"అవి ఆవిడ పెట్టినవి కదే!"

"ఎవరు పెడితే ఏంటి. ప్రాణముందిగా."

కాసేపు నడిచాక ఆమే మాట్లాడింది, బస్సు టైము చెప్పినంత మామూలుగా. "యుద్ధంలో పోయిన మా తమ్ముణ్ణి రెండుసార్లు పూడ్చాం. మొదట నడుం కింది భాగం దొరికింది. తొమ్మిదేళ్ళకి ఇంకో గోతిలో మిగతాది. సమాధి మళ్ళీ తవ్వారు, కలిపారు. అప్పట్నించీ నాకు సమాధి మీద పార చప్పుడు వినబడితే పళ్ళు జిల్లుమంటాయి. ఈయన మీద మాత్రం ఎవరూ తవ్వకూడదనుకున్నాను. అంతే, ఇంకేం లేదు."

"ఈ మాట వాల్‌బుర్గాకి చెప్పచ్చుగా?"

"చెప్తే ఏడుస్తుంది. ఓదార్చడానికి నాకిప్పుడు ఓపిక లేదు."

జనవరిలో కౌన్సిల్ సమావేశం. జుమ్రా రానంది, నేను బలవంతాన తీసుకెళ్ళాను. దారిలో, సమాధుల తోటలోని ప్రార్థన గది కప్పు వేసినవాళ్ళలో హిల్మో కూడా ఉన్నాడని మాట్లాడేటప్పుడు చెప్పమన్నాను.

"ఎందుకు?"

"వాళ్ళకి సిగ్గు తెలియాలి."

"పెంకులు వేశాడు, కూలిచ్చారు. అది చూపించి చోటు అడుక్కోమంటావా? పెంకులు వెయ్యడం రాని వాడైతే తవ్వెయ్యచ్చా మరి?"

కౌన్సిలర్ బిఖ్లర్ తెర మీద రెండు ఫోటోలు వేశాడు. ఒకటి గడ్డితో, ఒకటి ఎరికా పూలతో. "మన ఊరి వృద్ధురాలొకరు అక్టోబరు చలిలో మోకాళ్ళ మీద కూర్చుని చేసిన సేవ ఇది. చెయ్యవలసినవాళ్ళు చెయ్యనప్పుడు!" అన్నాడు.

వెనక వరుసలో వాల్‌బుర్గా గొంతు గట్టిగానే వినబడింది. "వృద్ధురాలట! వీడు నాకంటే ఎంత చిన్నవాడనీ, ఐదేళ్ళు కూడా లేదు. నేను నాటిన పూల ఫోటో ఎవర్నడిగి వేశాడు?"

నవ్వులు లేచాయి. బిఖ్లర్ కూడా నవ్వాడు. తర్వాత అతను మాట్లాడింది మాత్రం నవ్వి తీసిపారెయ్యలేను. "మా అమ్మ నలభై ఏళ్ళు ప్రతి శనివారం ఆ తోటలో మోకాళ్ళ మీద ఉంది. మాకదే ప్రార్థన. ఎవరి మతాన్నీ నేను కాదనను. కానీ గడ్డి మోకాలెత్తు పెరిగిన సమాధి పక్కన నిలబడితే, ఇక్కడున్నవాడు ఎవరికీ అక్కర్లేదని మాకు అర్థమవుతుంది. ఆ అర్థం మా పెద్దలిచ్చింది. మేం మా ఊళ్ళో దాన్ని ఎందుకు మరిచిపోవాలి?" ఈ దేశంలో అతని పార్టీవాళ్ళు వలస వచ్చినవాళ్ళ మీద వాడే భాషతో పోలిస్తే ఇది మర్యాదైన మాట. మర్యాదగా అన్నా అందులోని 'మా ఊరు' అనే మాటలో పాతికేళ్ళు ఇక్కడ మైల గుడ్డలు విడదీసిన మనిషికి చోటు లేదు.

అవతలి పక్షం తరఫున ఒక యువ కౌన్సిలర్ లేచింది. మత స్వేచ్ఛ మీద ఇరవై నిమిషాలు మాట్లాడింది. అన్నీ నేను ఒప్పుకునే మాటలే. 'జుమ్రా గారిలాంటి గొంతు లేని ముస్లిం మహిళలు' అని నాలుగుసార్లు అంది.

జుమ్రా నా చెవిలో అడిగింది. "ఈ అమ్మాయి ఎవరు? నన్నెప్పుడు చూసింది?"

"చూడలేదనుకుంటా."

"గొంతు లేదని ఎట్లా తెలిసింది మరి?"

చివరికి అధ్యక్షుడు జుమ్రాని మాట్లాడమన్నాడు. లేచి, కోటు గుండీలు పెట్టుకుంది.

"ఆయన నాకు అక్కర్లేనివాడు కాదు," అంది బిఖ్లర్ వైపు తిరిగి. "మీ అమ్మగారు మోకాళ్ళ మీద ఎందుకు కూర్చున్నారో నాకు తెలుసు. నేను గడ్డి ఎందుకు ముట్టుకోనో మీరు అడగలేదు. అడిగితే చెప్పేదాన్ని. ఇప్పుడు ఫోటో వేసేశారు కదా. ఇంక నాకేం చెప్పాలని లేదు." కూర్చుంది.

పన్నెండు ఓట్లు అటు, తొమ్మిది ఇటు. కొత్త నిబంధన ఖాయమైంది. ఏ సమాధి మీదైనా నాటినవే ఉండాలి, దానంతట అది మొలిచింది ఏదీ ఉండకూడదు. ముస్లిం విభాగానికీ ఇదే వర్తిస్తుంది.

బయట మెట్ల మీద నేను కోర్టు సంగతి ఎత్తాను. తెలిసిన వకీలు ఉన్నాడు, ఫీజు అక్కర్లేదన్నాడు, గెలిచే కేసు.

"ఎన్నేళ్ళు?"

"మూడు. మహా అయితే నాలుగు."

"నాలుగేళ్ళూ ఆ ఫోటో పేపర్లలో ఉంటుంది. వద్దు."

"ఇది నీ ఒక్కదాని కోసం కాదు జుమ్రా. రేపు వచ్చేవాళ్ళ కోసం ఎవరో ఒకరు నిలబడాలి."

ఆమె ఆగి నా వైపు తిరిగింది. ఇన్నేళ్ళలో ఆమె నా మీద గొంతెత్తడం అదే మొదలు. "ప్రతిసారీ నేనేనా? యుద్ధంలో నేనే, ముద్రల వరసలో నేనే, ఇప్పుడు రేపటివాళ్ళ కోసమూ నేనేనా? నువ్వు నిలబడు. నీ మొగుణ్ణి అక్కడ పూడ్చి, నువ్వు నిలబడు."

నా మొగుడు బతికే ఉన్నాడు. అది ఆమెకీ తెలుసు. వెంటనే నా చెయ్యి పట్టుకుంది కానీ మాట వెనక్కి తీసుకోలేదు. తీసుకోవలసిన అవసరమూ లేదు. హక్కులున్నాయని ఎలుగెత్తి చెప్పే మాలాంటివాళ్ళం, ఆ హక్కు కోసం చలిలో ఎవరు నిలబడతారో మాత్రం ఎప్పుడూ లెక్కలోకి తీసుకోం. ఆ రోజు మెట్ల మీద నాకది తెలిసింది. తెలిసినా కోర్టుకెళ్ళాలన్న నా అభిప్రాయం మారలేదు. ఆమెని మళ్ళీ అడగలేదు, అంతే.

చలికి ఎరికా మొక్కలు మాడిపోయాయి. ఎండినవి తియ్యచ్చు, ఎండినదానికి తలపు లేదు. మార్చిలో జుమ్రా ఆ పుల్లల్ని మట్టి కదలకుండా ఒక్కొక్కటీ విరిచి తీసింది. అప్పుడే తోట పనివాడు కోర్బీనియన్ కొత్త నిబంధనకి తగిలించిన జాబితా తెచ్చి ఆమెకి చూపించాడు. నాటదగిన వాటి పేర్లు నలభై ఒకటి. ముప్పై ఎనిమిదోది పచ్చిక. విత్తినదైతే సరే, ఎనిమిది సెంటీమీటర్లు దాటకూడదు.

"గడ్డే కదా ఇది?" అంది జుమ్రా.

"గడ్డే. కానీ మీరు విత్తితే పచ్చిక. దానంతటదే వస్తే కలుపు. నన్నడక్కండి, నేను ఓటెయ్యలేదు," అన్నాడు కోర్బీనియన్.

కొట్లో డబ్బా విత్తనాలు కొని ఏప్రిల్లో చల్లింది. చల్లినట్టు కార్యాలయంలో రాయించుకుంది. మేలో వానలు పడ్డాయి. విత్తింది ఏదో, తనంతట తను వచ్చింది ఏదో ఎవరూ చెప్పలేనట్టు చిక్కగా లేచింది. జూన్ మొదటి వారానికి ఎనిమిది దాటింది. కోర్బీనియన్ కొలబద్ద పెట్టి, తల గోక్కుని, వచ్చే వారం పైవాళ్ళు తనిఖీకి వస్తారని చెప్పి వెళ్ళాడు.

"నేను కోస్తాను," అన్నాను.

"నువ్వొద్దు. నీకు కోపం. కత్తెర లోపలికి దిగుతుంది."

ఆ శుక్రవారం ఆమే దారి దాటి వాల్‌బుర్గా దగ్గరికి వెళ్ళింది. పెకలించడం సంగతి, తమ్ముడి సంగతి అప్పుడు చెప్పింది. జుమ్రా అనుకున్నట్టే వాల్‌బుర్గా ఏడ్చింది. జుమ్రా ఓదార్చలేదు, ఆగేదాకా నిలబడింది. ఆగాక అడిగింది. "ఎనిమిది దాకా కొయ్యాలి. నేను కొయ్యకూడదు. మీరు మా మతం కాదు కదా, మీరు కొయ్యచ్చు."

వాల్‌బుర్గా ముక్కు చీదుకుంది. "అంటే పాపం నాకు తగులుతుందా?"

"మీకు తగలదు. మీకు నాయనమ్మ చెప్పలేదు కదా."

"మా నాయనమ్మ గడ్డి కనబడితే చాలు తిట్టేది," అని వాల్‌బుర్గా సంచిలోంచి గడ్డి కత్తెర తీసింది. మోకాళ్ళ కింద గోనెపట్టా పరుచుకుంది. కోర్బీనియన్ ఇచ్చిన కొలబద్ద పక్కన గుచ్చబోయి ఆగి, గుచ్చకుండా రాయికి ఆనించింది.

కత్తెర మొదలవగానే జుమ్రా వెనక్కి తిరిగి నిలబడింది. ఇది సర్దుబాటని, రీడ్‌బాఖ్‌లో అందరూ కలిసి బతుకుతున్నారనడానికి గుర్తని బిఖ్లర్ తర్వాత స్థానిక పత్రికలో రాశాడు. అక్కడ నిలబడి చూసినదాన్ని నేను. ఒక ముసలామె తన నాయనమ్మ మాట తప్పకుండా ఉండడానికి తన భర్త మీది గడ్డిని వేరే ముసలామె చేత కోయించుకుని, ఆ చప్పుడు వినలేక కళ్ళు మూసుకుంది. దానికి సర్దుబాటు అని పేరు పెట్టుకునే హక్కు నిబంధన పెట్టి కోయించినవాళ్ళకు లేదు.

"అయిందా?" అంది జుమ్రా తిరక్కుండానే.

"కాళ్ళ వైపు అయింది. తల దగ్గర మిగిలింది."

"తల దగ్గర కొంచెం ఎక్కువ ఉంచండి," అంది జుమ్రా. "ఎనిమిది దాటకుండా."